రవ్వ ఎంతో ప్రేమ అంతేనా?

ఇటీవల మా దగ్గరి బంధువుల ఇంట ఒక మంగ్నీ మాటలు జరిగాయి. అబ్బాయి ప్రైవేటు ఉద్యోగి, నెల జీతం 35 వేల రూపాయలు. తండ్రి చిన్నప్పుడే కన్నుమూయగా తల్లి కుట్టుపని చేసి చదివించుకున్నది. అమ్మాయి తరఫువారు ఏ కానుకా నోరు తెరిచి అడగలేదు. అయినా అబ్బాయి మనసులో ఒక పట్టుదల చేరింది. పెళ్లికూతురి వేలికి వజ్రపుటుంగరమే తొడగాలని! దుకాణంలో చూసి వచ్చిన ఉంగరం ధర 90 వేలు. చేతిలో ఉన్నది 30 వేలు. మిగిలిన సొమ్ము వడ్డీతో వాయిదాలలో కట్టేందుకు కాగితాలు కూడా తెచ్చుకున్నాడు. అదే కూర్చుబాటులో మహర్ ప్రస్తావన వచ్చింది. "దానికేముంది, 50 వేలని రాయండి, తరువాత నెమ్మదిగా ఇచ్చుకుంటాడు" అన్నారు పెద్దలు.

అప్పటిదాకా ఒక మూల తస్బీహ్ తిప్పుతూ కూర్చున్న అమ్మాయి నానీ తలెత్తి, "బేటా! ఇంత అప్పు చేసి ఆ రాయే ఎందుకు?" అని అడిగింది.

"అది ప్రేమకు గుర్తు కదా నానీ! ఇప్పుడందరూ అదే తొడుగుతున్నారు" అన్నాడతను.

"ప్రేమకు గుర్తని ఎవరు చెప్పారు బేటా? మా రోజుల్లో ఎవరూ చెప్పలేదే!" అన్నది ఆ వృద్ధురాలు.

గదిలో ఎవరివద్దా జవాబు లేదు. ఇంటికి వచ్చిన తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. వజ్రం ప్రేమకు గుర్తని నిజంగా ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఎందుకు చెప్పారు? ఈ మూడు ప్రశ్నలకూ చరిత్రలో స్పష్టమైన సమాధానాలున్నాయి. పెళ్లీడుకు వచ్చిన పిల్లలున్న ప్రతి ఇంటా అవి తెలిసి ఉండటం మంచిది.

మన మాటల్లో వజ్రం

ముందుగా మన భాషనే అడిగి చూద్దాం. తెలుగులో 'వజ్రసంకల్పం' అంటే చలించని నిశ్చయం. 'వజ్రకాయం' అంటే దెబ్బకు లొంగని దేహం. 'వజ్రాన్ని వజ్రంతోనే కోయాలి' అన్న నానుడి బలవంతుణ్ణి ఎదిరించడానికి బలవంతుడే కావాలని చెబుతుంది. సంస్కృతంలో వజ్రమంటే పిడుగు అనే అర్థం కూడా ఉన్నది. గ్రీకు భాషలో వజ్రానికి పెట్టిన 'అడమాస్' అనే పేరుకు జయింపశక్యం కానిది అని అర్థం. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ భాషలలోని 'అల్మాస్' అనే మాట కూడా ఆ గ్రీకు మూలం నుంచి వచ్చినదే.

ఇన్ని భాషలలో ఇన్ని మాటలున్నా అన్నీ బలాన్ని, కాఠిన్యాన్ని, ఓటమి లేనితనాన్ని సూచించేవే. అనురాగాన్ని, దాంపత్యాన్ని, మనసులు కలవడాన్ని సూచించే మాట వీటిలో ఒక్కటీ లేదు. మన ఇళ్లలో రవ్వల ముక్కుపుడక, రవ్వల దుద్దులు తరతరాలుగా ఉన్నాయి. అవి ఆడపిల్లకు అలంకారం, కుటుంబానికి హోదా, కష్టకాలంలో ఆదరువు. అంతేగాని ఒక పురుషుడు తన ప్రేమను రుజువు చేసుకోవడానికి సమర్పించే పత్రాలుగా వాటిని ఎవరూ భావించలేదు.

దివ్య ఖుర్ఆన్‌లో ముత్యాలు, పగడాలు, కెంపుల ప్రస్తావన ఉన్నది. సూరా అర్రహ్మాన్ పారాయణం చేసేవారందరికీ ఇది తెలిసినదే. వజ్రం పేరు మాత్రం అందులో ఎక్కడా రాదు.

కృష్ణా తీరపు కథలు

వజ్రం ఎక్కడో విదేశాలలో పుట్టి మన వద్దకు వచ్చిందని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఇక్కడినుంచే లోకమంతటికీ వెళ్లింది. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలను అందించిన ప్రధాన దేశం మనదే. అందులోనూ కృష్ణానది ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గని జగత్ప్రసిద్ధం. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్తీస్త్ తావెర్నియే, స్త్రీలు, పిల్లలతో కలిపి దాదాపు 60 వేలమంది ఆ గనుల్లో పనిచేసేవారని రాసిపెట్టాడు. నేడు ఆ చోటు పులిచింతల జలాశయం నీటి కింద ఉన్నది. గోల్కొండలో వజ్రపు గనులు లేవు. అది రాజధాని, వ్యాపార కేంద్రం. గనులు కృష్ణా తీరాన ఉన్నా, అమ్మకాలు జరిగిన రాజ్యం పేరే రాళ్లకు అంటుకొని 'గోల్కొండ వజ్రం' అయింది.

వజ్రాలు పుట్టినచోట కథలు పుట్టకుండా ఉంటాయా? 13వ శతాబ్దం చివర తూర్పుతీరానికి వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కో పోలో, 'ముట్‌ఫిలి' అనే రాజ్యపు వజ్రాల సంగతి చెప్పాడు. అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు అని చరిత్రకారులు గుర్తించారు. ఆ రాజ్యంలో మనుషులు దిగలేని లోతైన లోయలున్నాయట. అడుగున వజ్రాలు, వాటిమీద విషసర్పాలు! వజ్రాలు సేకరించేవారు పైనుంచి పచ్చి మాంసపు ముక్కలు విసురుతారట. వజ్రాలు మాంసానికి అంటుకుంటాయి. గద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తాయి. వాటిని తరిమి వజ్రాలు ఏరుకుంటారు. అరబ్బుల కథలలో సింద్‌బాద్ రెండవ యాత్రలో వచ్చే వజ్రాల లోయ కూడా ఇదే. సికందర్ పేరుతో ఇటువంటి కథే పాత అరబ్బీ రత్నగ్రంథాలలోనూ ఉన్నది. వర్తకులకు ఈ కథలతో లాభమే. చేరలేని చోటునుంచి వచ్చిన రాయికి ఎంత ధర చెప్పినా కొనేవాడు నమ్ముతాడు కదా!

రత్నాలను గురించిన వదంతులను కళ్లు మూసుకొని నమ్మని పండితులు కూడా ముస్లిం లోకంలో ఉండేవారు. క్రీ.శ. 973లో జన్మించిన అబూ రైహాన్ అల్‌బిరూనీ రత్నాల మీద ఒక గొప్ప గ్రంథం రాశాడు. పచ్చను చూస్తే పాము కళ్లు పోతాయని ఆ రోజుల్లో అందరూ చెప్పుకునేవారు. బిరూనీ ఒక పాము మెడకు పచ్చల హారం కట్టి, ఎండలోనూ చలిలోనూ నెలల తరబడి పరీక్షించాడు. పాము కళ్లు చెక్కుచెదరలేదు! వేయి సంవత్సరాల నాటి ఆ పండితుని పద్ధతి నేటి ప్రకటనలు చూసే మనకు కూడా ఆదర్శప్రాయమే.

విషం, శాపం, అదృష్టం

గద్దల కథతోనే వజ్రపు కల్పనలు ఆగిపోలేదు. ఉర్దూ కథలలో 'హీరే కీ కనీ' నోట వేసుకోవడమంటే ప్రాణం తీసుకోవడం. ఉంగరపు రవ్వ మింగి ప్రాణాలు విడిచే దృశ్యాలు పాత సినిమాలలో చాలామంది చూసే ఉంటారు. వాస్తవానికి వజ్రంలో విషమేమీ లేదు. అది శుద్ధమైన కర్బనం, అంటే బొగ్గు ఏ మూలకంతో అయిందో అదే. ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ అయితే సుత్తికి పగలని వజ్రం వేడి మేకరక్తంలో ముంచితే మెత్తబడుతుందని రాశాడు. అదీ నిజం కాదు.

శాపాల కథలు మరీ విచిత్రమైనవి. తావెర్నియే మన దేశం నుంచి తీసుకుపోయి 14వ లూయీ రాజుకు అమ్మిన నీలివజ్రం ఫ్రెంచి విప్లవకాలంలో 1792లో దొంగల పాలయింది. మళ్లీ సానబట్టగా మిగిలిన దానినే నేడు 'హోప్ వజ్రం' అంటున్నారు. ప్రస్తుతం అది అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నది. దానిని విగ్రహపు కంటినుంచి పెరికారని, ఆ పాపానికి తావెర్నియేను కుక్కలు చీల్చి చంపాయని ఒక కథ లోకమంతా తిరిగింది. తావెర్నియే 80 ఏళ్లు దాటి బతికి, 1689లో మాస్కోలో మరణించాడన్నది చరిత్ర. 20వ శతాబ్దం మొదట్లో పియరీ కార్టియే అనే నగల వ్యాపారి ఒక ధనిక అమెరికన్ మహిళకు ఆ వజ్రం అమ్మజూపుతూ ఈ శాపగాథలనే రసవత్తరంగా చెప్పాడు. ఆమె భయపడకపోగా మరింత ముచ్చటపడి కొన్నది. కథ ఎటువంటిదైనా రాయి ధర పెంచడానికే అక్కరకు వచ్చిందన్నమాట.

ప్రేమకథలు కూడా ఇలాగే రాళ్లకు అంటుకున్నాయి. 1972లో హాలీవుడ్ నటుడు రిచర్డ్ బర్టన్ తన భార్య ఎలిజబెత్ టేలర్‌కు 40వ పుట్టినరోజున హృదయాకారపు మొఘల్ వజ్రం ఒకటి బహూకరించాడు. షాజహాన్ ముంతాజ్‌కు ఇచ్చిన ప్రేమకానుకగా పత్రికలు దానిని కీర్తించాయి. దాని పేరు కూడా 'తాజ్‌మహల్ వజ్రం'. అయితే దాని మీద ఫార్సీ లిపిలో చెక్కి ఉన్న పేరు ముంతాజ్‌ది కాదు, నూర్జహాన్‌ది. కథ అందంగా ఉంటే రాయి మీది రాత ఎవరూ చదవరు.

గుర్తుగా మారిన వైనం

పాశ్చాత్య దేశాలలో నిశ్చితార్థపు ఉంగరం ఆచారం పాతదే. ఎడమచేతి ఉంగరపు వేలినుంచి ఒక నరం సూటిగా గుండెకు పోతుందని రోమన్ల కాలం నుంచి ఒక నమ్మకం. అన్ని వేళ్ల రక్తనాళాలూ ఒకే తీరున గుండెకు చేరతాయని వైద్యశాస్త్రం చెబుతుంది. 1477లో ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్ బర్గండీ రాకుమారి మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడన్నది వజ్రాల వ్యాపారులు తరచుగా ఉదహరించే సంఘటన. కాని అది రాజకుటుంబాల ముచ్చట. ఆ తరువాత నాలుగు శతాబ్దాలపాటు సామాన్యుని పెళ్లిలో వజ్రానికి చోటు లేదు. కొనగలిగే అవకాశమే లేనప్పుడు ఆచారం ఎలా ఏర్పడుతుంది?

1867లో దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నది దగ్గర వజ్రం దొరకడంతో లెక్కలన్నీ మారిపోయాయి. కొద్ది ఏళ్లలోనే కింబర్లీ గనులనుంచి వజ్రాలు రాశులుగా వెలువడ్డాయి. అరుదైనది గనుకనే ఖరీదైనది కాగా, ఇప్పుడు ఆ అరుదుతనమే పోయింది. ధర పడిపోకుండా కాపాడుకునేందుకు సెసిల్ రోడ్స్ గనులను ఒక్కటి చేసి 1888లో డీబీర్స్ సంస్థను నెలకొల్పాడు. గనులు ఒక్కరి చేతిలో ఉంటే బజారుకు ఎన్ని రాళ్లు పంపాలో వారే నిర్ణయించుకోవచ్చు. ఆ తరువాత దశాబ్దాల తరబడి జరిగింది అదే.

రాళ్లను బిగబట్టి పంపడం ఒక్కటే చాలదు. కొనేవారు కూడా కావాలి. 1930లలో ఆర్థికమాంద్యం వచ్చి వజ్రాలు కొనేవారు తగ్గిపోయారు. 1938లో డీబీర్స్ అమెరికాలోని ఎన్.డబ్ల్యూ. అయర్ అనే ప్రకటనల సంస్థను ఆశ్రయించింది. ఆ సంస్థ ఒక దుకాణం పేరుగాని, ఒక నగ పేరుగాని ప్రచారం చేయలేదు. వజ్రానికీ ప్రేమకూ ముడి వేసింది. సినిమా తారలకు వజ్రాలు సమకూర్చింది. ఏ తార వేలికి ఎంత పెద్ద రవ్వ ఉన్నదో పత్రికలలో వార్తలు వచ్చేటట్లు చూసింది. ఉన్నత పాఠశాలలకు ఉపన్యాసకులను పంపి, పెళ్లంటే వజ్రపుటుంగరమేనని ఆడపిల్లలకు చెప్పించింది. 1947లో ఆ సంస్థ ఉద్యోగిని ఫ్రాన్సిస్ గెరెటీ, వజ్రం శాశ్వతమనే అర్థం వచ్చే చిన్న నినాదం రాసింది. ప్రకటనల చరిత్రలో అంతగా నాటుకుపోయిన మాట మరొకటి ఉండదేమో! లక్షలమంది పెళ్లిళ్లకు ఆ మాట అందించిన ఆ మహిళ జీవితాంతం అవివాహితగానే ఉండిపోయింది.

ఆ మాటలో ఒక వ్యాపార రహస్యం కూడా ఉన్నది. 'శాశ్వతం' అని నమ్మినవారు ఉంగరాన్ని తిరిగి అమ్మరు. పాత రాళ్లు బజారుకు రాకపోతే కొత్త రాళ్ల ధర నిలబడుతుంది. వరుడు తన జీతంలో ఇన్ని నెలలది ఉంగరానికి ఖర్చు చేయాలన్న కొలత కూడా ప్రకటనల ద్వారా వ్యాపించినదే. అమెరికాలో మొదట ఒక నెల అన్నారు, తరువాత రెండు నెలలన్నారు, జపానులో మూడు నెలలన్నారు.

జపాను అనుభవం కళ్లు తెరిపించేది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు, తమవైన లాంఛనాలు గల ఆ దేశంలో వజ్రపుటుంగరం ఆచారం లేదు. 1967లో ప్రచారం మొదలయ్యేనాటికి నిశ్చితార్థమైన యువతులలో నూటికి 5 మందికి కూడా ఆ ఉంగరం లేదు. 1981 నాటికి నూటికి 60 మంది వేళ్లకు అది చేరింది. వేల ఏళ్ల సంప్రదాయంలా కనిపించేది 14 సంవత్సరాలలో తయారయింది!

నానీ అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. వజ్రం ప్రేమకు గుర్తని మన పూర్వులు చెప్పలేదు, ధర్మం చెప్పలేదు, కవులు చెప్పలేదు. నిల్వ ఉన్న సరుకు అమ్ముకోవలసినవారు చెప్పారు.

హైదరాబాదు నవాబుల ఖజానాకు కూడా ఈ ప్రవాహం తగిలింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొన్న 184 క్యారట్ల జేకబ్ వజ్రం గోల్కొండది కాదు, దక్షిణాఫ్రికాది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు అది తండ్రి పాదరక్షలో దొరికిందని, ఆయన దానిని బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నారని చెబుతారు. అదే ఉస్మాన్ అలీఖాన్ 1947లో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ పెళ్లికి వజ్రాల హారం కానుకగా పంపారు. లండనులోని కార్టియే దుకాణంలో ఆమెనే ఎంచుకోమన్నారు. లోకంలోకెల్లా సంపన్నుడని పేరుబడినవాడికి వజ్రం ఒకనాడు కాగితాల మీది బరువు, మరొకనాడు రాచమర్యాద. రాయిలో అర్థం లేదు, పెట్టుకున్నవాడు ఇచ్చుకున్నదే దాని అర్థం.

మెరుపు వెనుక

కొనదలచినవారు మరికొన్ని సంగతులు తెలుసుకోవాలి. వజ్రం గీతపడదు, ఆ మాట నిజం. ప్రకృతిలో దొరికే ఖనిజాలలో అంతటి కాఠిన్యం మరొకదానికి లేదు. కాని గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. మంటలో కాలుతుంది కూడా. 1772లో ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజియే పెద్ద కటకాలతో సూర్యకిరణాలను వజ్రం మీదకు మళ్లించి దానిని కాల్చి చూపాడు. శాశ్వతమన్న రాయి కూడా ఇంతే. శాశ్వతుడు అల్లాహ్ ఒక్కడే.

తిరిగి అమ్మబోతే తెలిసే సంగతి మరొకటి. బంగారానికి ఆ రోజు ధర పేపరులో చూసుకోవచ్చు. తూకం వేసి, మేలిమి చూసి డబ్బిస్తారు. వజ్రానికి అటువంటి ఒకే ధర లేదు. బరువు, రంగు, నిర్మలత్వం, సాన అనే నాలుగింటినీ బట్టి, కొనేవాని ఇష్టాన్ని బట్టి విలువ కడతారు. కాబట్టి కొన్న ధరకు బాగా తక్కువకే అది పోతుంది. కష్టకాలంలో ఆడబిడ్డకు ఆదరువవుతుందని భావించి వజ్రం కొనేవారు ఈ తేడా మరవకూడదు. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో వజ్రం తయారు చేసింది. నేడు నగలకు తగిన రాళ్లు కూడా అలాగే తయారవుతున్నాయి. అవి కూడా నిజమైన కర్బనపు వజ్రాలే, కంటికి తేడా తెలియదు. వాటి ధర ఏటేటా దిగివస్తున్నది. దుకాణదారు ఏ రకం ఇస్తున్నాడో రసీదులో రాయించుకోవడం, తిరిగి తీసుకునే షరతులు కాగితం మీద అడగడం కొనేవారి హక్కు.

అన్నిటికన్నా బాధ కలిగించేది సియెరా లియోన్ కథ. జనాభాలో అధికులు ముస్లింలైన ఆ ఆఫ్రికా దేశంలో 1991 నుంచి 2002 వరకు అంతర్యుద్ధం సాగింది. తిరుగుబాటుదారులు గనులు ఆక్రమించి వజ్రాలమ్మి ఆయుధాలు కొన్నారు. వేలాది అమాయకుల చేతులు నరికారు. ఒకచోట వేలికి అలంకారమైన రాయి కోసం మరొకచోట చేతులే తెగిపడ్డాయి. ఇటువంటి రాళ్లను అరికట్టేందుకు 2003లో 'కింబర్లీ ప్రక్రియ' అనే అంతర్జాతీయ ధ్రువీకరణ అమలులోకి వచ్చింది. రాయి ఎక్కడిదని అడగడం అతిశయం కాదు. మన సొమ్ము ఏ చేతికి పోతున్నదో తెలుసుకోవడం మన బాధ్యత.

ఉంగరం, మహర్

అలంకారం నిషిద్ధం కాదు. అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన సొగసును హరామ్ చేసినదెవరని దివ్య ఖుర్ఆన్ ప్రశ్నిస్తుంది. స్త్రీలు బంగారం, వెండి, రత్నాలు ధరించవచ్చు. దైవప్రవక్త (స) స్వయంగా వెండి ఉంగరం ధరించారు. రాజులకు పంపే లేఖల మీద ముద్ర వేయడానికి అది ఉపయోగపడేది. పురుషులకు మాత్రం బంగారపు ఉంగరం తగదు. మంగ్నీలో వరునికి బంగారపు ఉంగరం తొడిగే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జకాత్ విషయంలో కూడా చాలామందికి సందేహం. వ్యాపారానికి కాక ధరించడానికి ఉంచుకున్న వజ్రం మీద జకాత్ లేదని అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. అయితే హనఫీ మతానుసారులు ఆ రాయి పొదిగిన బంగారం బరువును నిసాబ్ లెక్కలో చేర్చాలి.

నికాహ్ సందర్భంలో ధర్మం వధువుకు నిర్ణయించిన కానుక మహర్. సూరా అన్నిసాలో, స్త్రీలకు వారి మహర్‌ను సంతోషంగా ఇవ్వమని ఆజ్ఞ ఉన్నది. సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసులో, పెళ్లాడదలచిన ఒక పేద సహాబీని దైవప్రవక్త (స), ఇనుప ఉంగరమైనా దొరుకుతుందేమో చూడమన్నారు. అదీ దొరకలేదు. చివరకు అతనికి వచ్చిన ఖుర్ఆన్ సూరాల ఆధారంగా ఆ పెళ్లి జరిపించారు. హజ్రత్ అలీ (రజి) హజ్రత్ ఫాతిమా (రజి)కు మహర్‌గా ఇచ్చింది తన యుద్ధకవచం. ఆయన వద్ద ఉన్న విలువైన వస్తువు అది.

ఈ ఉదంతాలలో ఒక పోలిక ఉన్నది. ఇచ్చేవాడు తన వద్ద ఉన్నది ఇచ్చాడు, లేనిది అప్పు తెచ్చి ఇవ్వలేదు. ఇచ్చినది పదిమందికి చూపడానికి కాక, పుచ్చుకున్నవారి హక్కుగా ఇచ్చాడు. మన ఇళ్లలో నేడు దీనికి విరుద్ధంగా జరుగుతున్నది. ఫోటోలో కనిపించే ఉంగరానికి అప్పటికప్పుడు సొమ్ము సమకూరుతుంది. కనిపించని మహర్ మాత్రం కాగితం మీద 'తరువాత' అనే మాటగా మిగిలిపోతుంది. ఎన్నో ఇళ్లలో ఆ 'తరువాత' భర్త జనాజా వద్దకు వచ్చేదాకా రాదు. అక్కడ కూడా 'మాఫ్ చేశానని చెప్పమ్మా' అంటూ ఏడుస్తున్న స్త్రీ చేత అనిపిస్తారు. ప్రేమకు గుర్తు ఏదని వెదికేవారు ముందు ఈ బాకీ సంగతి ఆలోచించాలి.

ఆ మంగ్నీ ఏమయిందో చెప్పి ముగిస్తాను. రెండు రోజుల తరువాత అమ్మాయి తన తల్లి ద్వారా కబురు చేసింది. "అప్పు ఉంగరం నాకు వద్దు. ఆయన వద్ద ఉన్న 30 వేలు నికాహ్ రోజున మహర్‌లో నా చేతికి ఇమ్మనండి. మిగిలిన 20 వేలకు ఒక తేదీ రాయమనండి" అన్నది. అబ్బాయి మొదట చిన్నబుచ్చుకున్నాడు. స్నేహితుల ముందు పరువేమవుతుందన్నాడు. తల్లి మాత్రం వాయిదాల కాగితాలు తీసి మడిచి అవతల పెట్టింది. నికాహ్ రోజున, ఖుత్బా ముగిసిన తరువాత, పెద్దల సమక్షంలో ఆ 30 వేలు అమ్మాయి చేతికి చేరాయి. తక్కిన సొమ్ము రాసుకున్న తేదీకి రెండు వారాల ముందే ఇచ్చేశాడని తరువాత తెలిసింది. వేలికి ఒక సన్నని వెండి ఉంగరం తొడిగాడు.

ఆ సొమ్ము ఆమె ఏం చేసిందని మాలో ఎవరమూ అడగలేదు. నానీ అడగనివ్వలేదు. "అది దానిది. దాచుకుంటుందో, ఖర్చు చేసుకుంటుందో మనకెందుకు?" అన్నది.